గొర్రెల నీడ

సుబ్బలక్ష్మమ్మను తిమ్మలదిన్నెలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకూ పెద్దలకూ ఆమె సైన్సు టీచరమ్మ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పొద్దు పొడవకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. పెళ్లయ్యాక భర్తతో కలిసి బెళుగుప్పకు అవతల ఉన్న ఈ మెట్ట ఊరి హైస్కూలుకు వచ్చింది. ఆమె సైన్సు చెప్పేది, ఆయన డ్రిల్లు మాస్టరు. ఆయన పేరు అంజినప్ప. నవ్వితే మైదానం అవతలి గోడ దాకా వినిపించేది.

1977లో ఒక సాయంత్రం అంజినప్ప కళ్యాణదుర్గం నుంచి సైకిలు మీద వస్తుంటే, దిగువలో బ్రేకులు పడని లారీ ఒకటి వెనక నుంచి వచ్చి గుద్దింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు.

ధర్మవరం నుంచి వచ్చిన బంధువులు కర్మ అయ్యేదాకా ఉండి, అందరూ ఒకే తీరుగా మాట్లాడారు. దేవుడు రాసిన రాత అన్నారు. మంచివాళ్లను ఆయన తొందరగా పిలుచుకుంటాడన్నారు. ఓదార్చడానికే అంటున్నారని ఆమెకు తెలుసు. అయినా ప్రతి మాటా లోపల ఎక్కడో గీరుకుపోయేది. ఇంట్లో పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇలవేల్పు చౌడమ్మ పటం ఉంది. చిన్నప్పటి నుంచి రోజూ పొద్దున దాని ముందు దీపం పెట్టడం అలవాటు. ఇప్పుడు పటం ముందు కూర్చుంటే ఒకటే ప్రశ్న వచ్చేది. ఆ లారీని తోసింది నువ్వేనా తల్లీ? నువ్వే అయితే నీకు దీపం పెట్టలేను. నువ్వు కాకపోతే, మరి నువ్వేం చేస్తుంటావు?

దీపం పెట్టడం ఆగిపోయింది.

ఆ ఏడు చివర్లో పదో తరగతికి జీవపరిణామం పాఠం వచ్చింది. అంతకుముందు ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. జీవులు ఎవరో కూర్చుని బొమ్మలు చేసినట్టు చేసి వదిలినవి కావనీ, కోట్ల ఏళ్లుగా ఒకదాన్నుంచి ఒకటి మారుతూ వచ్చాయనీ, తట్టుకున్నవి మిగిలి తట్టుకోలేనివి పోయాయనీ బోర్డు మీద రాస్తూ చెబుతోంది. రాస్తూ రాస్తూ సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది. ఈ లోకాన్ని ఎవరూ దారం కట్టి లాగడం లేదు. తనంతట తాను నడిచే లోకం ఇది. ఇందులో చేప ఒడ్డుకు పాకగలదు, పురుగుకు రెక్కలు రాగలవు. అదే లోకంలో లారీకి బ్రేకులు పోవడం కూడా జరుగుతుంది. అంజినప్పను ఎవరూ ఏరి తీసుకుపోలేదు.

వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. ఆమె మళ్లీ రాయడం మొదలుపెట్టింది. మరునాడు పొద్దున లేచి చౌడమ్మ ముందు దీపం వెలిగించింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పినా అర్థమయ్యేలా చెప్పగలనన్న నమ్మకం లేదు. ఊరివాళ్లకు దేవుడంటే వాన కురిపించేవాడు, జబ్బు తగ్గించేవాడు. పుస్తకానికేమో దేవుడితో పనే లేదు. ఆ రెండింటి నడుమ ఆమె నిలబడిన చోటు చాలా ఇరుకు. అక్కడ మాట్లాడుకోవడానికి రెండో మనిషి లేడు.

కొంచెం దగ్గరగా వచ్చినవాడు రామాంజులు ఒక్కడే. లెక్కల టీచరు. ఆమె కంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. దేవుడు లేడని బల్లగుద్ది చెప్పే రకం. ఆదివారాలు వచ్చి అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ వాదన పెట్టుకునేవాడు.

"బళ్లో కోతి నుంచి మనిషి పుట్టినాడని చెప్తావు. ఇంట్లో చౌడమ్మకు దీపం పెడతావు. రెండిట్లో ఒకటి అబద్ధం గదక్కా?"

"కోతి నుంచి అని నేనెప్పుడు చెప్పినా? కోతికీ మనకూ ముత్తాత ఒకడే అని చెప్పినా."

"ఆ ముత్తాతను చేసింది చౌడమ్మేనా?"

"చేసిందో లేదో నాకు తెలీదు రామాంజులూ. చేసింటే మాత్రం ఇట్లనే చేసింటాది అనుకుంటాండా. తొందర పడకుండా, మధ్యలో చెయ్యి పెట్టకుండా."

"చెయ్యి పెట్టని దేవుడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అక్కా" అని అతను నవ్వాడు.

ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

*

1985 వేసవికి ముందు రెండేళ్లు శెనక్కాయ పంట చేతికి రాలేదు. శివరాత్రి నాటికే ఊరి పక్క వంక పారడం ఆగి ఇసకదిబ్బ అయింది. ఉగాదికి వీధిలో బోరింగు ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ రాలేదు. బెళుగుప్ప నుంచి ట్యాంకరు కొన్నాళ్లు వచ్చేది, కొన్నాళ్లు వచ్చేది కాదు. ఆడవాళ్లు వంకలో చెలమలు తవ్వి, ఊట దిగేదాకా పక్కనే కూర్చుని, చెంబుతో తోడి బిందె నింపుకునేవాళ్లు. బిందె నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

టీచరమ్మ ఇంటి పక్కనే నల్లమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక గొర్రెల మంద, ఒక కంబళి, నోటి నిండా తిట్లు ఆమె ఆస్తి. గొర్రెల వాసన గోడ దాటి వచ్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో సుబ్బలక్ష్మమ్మకు ఆ వాసన పడేది కాదు. అంజినప్ప పోయాక, పొద్దున్నే ఆ వాసనా ఆ అరుపులూ లేకపోతే ఇల్లు ఇంకా ఖాళీగా తోచేది.

ఊరికంతా నీళ్లున్న బావి ఒక్కటే మిగిలింది. అది ఓబులేసు చీనీ తోటలో, బత్తాయి చెట్ల నడుమ ఉంది. ఓబులేసు చెడ్డవాడని ఎవరూ అనరు. ఆంజనేయస్వామి గుడికి కొత్త తలుపులు చేయించినవాడు. శ్రీరామనవమికి ఊరంతటికీ పానకం పోయిస్తాడు. చీనీ మొక్కలు పెట్టిన మొదటి ఏళ్లలో, మోటారు లేనప్పుడు, కడవలతో మోసి ఒక్కో మొక్కకూ పోసుకున్నాడు. ఇప్పుడు ఆ బావిలోనూ అడుగు కనబడుతోంది. తోట ఇనప గేటుకు తాళం పడింది.

నల్లమ్మ మందలో గొర్రెలు పడిపోవడం మొదలైంది. పొద్దున దొడ్డి తలుపు తీస్తే లేవనివి ఉండేవి. ఒకనాడు ఆమె గోడ మీద నుంచి తల పెట్టి అంది.

"టీచరమ్మా, ఓబులేసప్పను అడగను పోతాండా. నువ్వూ రా. నా మాటంటే కుక్క అరుపు. సదువుకున్నదానివి, నీకన్నా ఇంటాడేమో."

ఇద్దరూ పోయారు. ఓబులేసు గేటు అవతలే ఉన్నాడు. తాళం తీయలేదు గానీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండు నెలల్లో మనిషి ఎండిపోయినట్టున్నాడు.

"అన్నా, మందంతటికీ అడగడం లేదు. పిల్లతల్లులకన్నా ఇంత తొట్టిలో పోయించు" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఈపొద్దు నల్లమ్మకు పోస్తే రేపు చౌడప్ప ఎద్దుల్ని తోలుకొస్తాడు. ఎల్లుండి ఊరంతా వస్తాది. ఎవరికని పొయ్యల్ల? ఈ చెట్లు ఎండి కట్టెలైతే మళ్లా పెంచను నాకు వయసుండాదా టీచరమ్మా?"

"అవీ ప్రాణాలే గదన్నా."

ఓబులేసు తోట వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, తగువుకు కాదు, తనను కాస్త అర్థం చేసుకోమని అడుగుతున్నట్టు మాట్లాడాడు.

"మా పాప నీ కాడనే సదువుతాంది. పరీచ్చలప్పుడు గట్టిగా సదువుతాంటే ఇన్నా. బలమున్నెవి బతుకుతాయి, బలం లేనివి పోతాయి, లోకం మొదట్నించీ ఇంతే అని. అది నువ్వు చెప్పిన పాఠమే గదా? దేవుని లెక్కన చూసినా అంతే. ఆ సామి నా బాయిలో నీళ్లు పెట్టినాడు, వాళ్ల బాయిలో పెట్టల్యా. నేనేమన్నా దొంగిలించినానా? నీ పుస్తకమూ నాకే చెప్తాంది, దేవుడూ నాకే చెప్తాండాడు. ఇంగ నన్నేం చెయ్యమంటావు?"

ఆమెకు ఓబులేసు అన్న రెండు మాటలూ తప్పని తెలుస్తోంది. ఎక్కడ తప్పో చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

తిరిగి వస్తూ దారిలో నల్లమ్మ ఆగి, ఆమె మొహంలోకి చూసింది.

"గొర్రెలు సావాలని బళ్లో చెప్పినావామ్మా?"

"అట్ల చెప్పలేదక్కా."

"మరి ఆయప్ప యాల అట్లంటాండాడు?"

 నల్లమ్మ జవాబు కోసం ఆగకుండా కర్ర ఊనుకుంటూ ముందుకు పోయింది.

ఆ ఆదివారం రామాంజులు వచ్చాడు. కాఫీ లేదు, చెంబులో నీళ్లే ఇచ్చింది. అతను సగం తాగి మిగతావి తిరిగి బిందెలో పోశాడు. జరిగింది విని తల ఊపాడు.

"ఓబులేసన్న లెక్క తప్పింది అక్కా. జీవాలు ఎట్ల బతుకుతూ వచ్చినాయో పాఠం చెప్తాది. మనం ఎట్ల బతకల్లో చెప్పదు. అది వేరే సంగతి."

"ఎట్ల బతకల్లో ఎవరు చెప్పాల మరి?"

"మనమే. మనుషులం. కూర్చుని ఆలోచించుకుని పెట్టుకోవాల."

"మనమూ ఆ జీవాల్లోంచి వచ్చినోళ్లమే గదా రామాంజులూ. పెట్టుకోవాలనే బుద్ధి మనకు యాడ్నుంచి వచ్చింది? మధ్యలో ఆకాశం నుంచి ఊడిపడిందా?"

రామాంజులు నవ్వబోయి మానుకున్నాడు. "ఆకాశం మాట నువ్వు అనాల, నేను కాదు" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. అతనికి లేపాక్షి దగ్గరి బడికి బదిలీ అయింది. ఆ వారమే పోవాలి.

బస్సు దాకా ఆమె పోయింది. ట్రంకు పెట్టె పైకెక్కించాక అతను కిటికీలోంచి ఏదో అన్నాడు, ఇంజను మోతలో వినపడలేదు. ఆమె విన్నట్టే తల ఊపింది. బస్సు లేపిన ఎర్రదుమ్ము సద్దుమణిగేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు.

*

వేసవి సెలవులకు ఆమె ఎప్పుడూ ధర్మవరంలో అక్క ఇంటికి పోయేది. ఆ ఏడు పోలేదు. పోతే అందరూ మంచిగా చూస్తారు, అన్నం పెడతారు, అంజినప్ప పేరు రాకుండా జాగ్రత్తపడతారు. ఆ జాగ్రత్తే ఆమెకు బరువు.

నల్లమ్మ మోకాలు వాచింది. పడిన గొర్రెను ఒక్కతే లేపలేకపోతోంది. ఒకరోజు పొద్దున సుబ్బలక్ష్మమ్మ చెప్పులు తొడుక్కుని ఆమె వెంట బయలుదేరింది. "ఎండకు సస్తావ్" అంది నల్లమ్మ, కానీ వద్దనలేదు.

ఊరి పడమట బీడు. చెట్టన్నది లేదు, ఉన్న తుమ్మలు పొయ్యిల్లోకి పోయాయి. ఎర్రనేల, నల్లరాళ్లు, ఎండిన బోద గడ్డి. గొర్రెలు మూతులు నేలకు రాస్తూ ఏముందని మేస్తున్నాయో తెలియకుండా నడిచాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీడన్న మాటే లేకుండా పోయింది. సుబ్బలక్ష్మమ్మ కొంగు తల నిండా కప్పుకుంది. కళ్ల ముందు గాలి నీళ్లలా కదులుతోంది.

అప్పుడు మంద ఆగింది. ఎవరూ అదిలించకుండానే గొర్రెలన్నీ దగ్గరికి జరిగాయి. పక్కలు పక్కలకు రాసుకునేలా గుంపు కట్టి, తలలు లోపలికి పెట్టాయి. ప్రతి గొర్రే తల వంచి పక్కదాని పొట్ట కింద దూర్చింది. పైకి చూస్తే వీపులే. తల ఒక్కటీ కనబడదు. ఆ బీడులో నీడంటూ ఉంటే అది వాటి పొట్టల కిందే ఉంది.

ఇన్నేళ్లు గోడ పక్కన గొర్రెల్ని పెట్టుకుని ఉన్నా, ఆమె ఇది చూడలేదు.

"అట్ల నిలబడినాయేమక్కా?"

"ఎండకు తల దాచుకుంటాండాయి" అంది నల్లమ్మ కంబళి నెత్తిన వేసుకుంటూ. "మొద్దు జీవాలు. దాని బాధ అది సూసుకుంటాంది, అంతే."

అంతే. సుబ్బలక్ష్మమ్మ కూడా మొదట అంతేననుకుంది. ఏ గొర్రే పక్కదానికి నీడ ఇవ్వాలని నిలబడలేదు. ప్రతిదీ తన తల కోసమే చూసుకుంది. కానీ తల దాచుకోవాలంటే పక్కదాని పక్కన నిలబడాలి, నిలబడితే తన నీడ ఇంకోదానికి పోతుంది. దాన్ని ఆపడం దాని చేతిలో లేదు. ఇలాంటి ఎండలు ఈ జాతి ఎన్ని వేల ఏళ్లు చూసి ఉంటుందో. గుంపులోకి రాకుండా విడిగా నిలిచినవి ఎండకు పడిపోయి ఉంటాయి. దగ్గరికి జరిగినవి మిగిలి పిల్లల్ని కని ఉంటాయి. తట్టుకున్నవి మిగిలాయని ఆమె బోర్డు మీద రాసింది. పిల్లలు దాన్ని బలమున్నవి అని చదువుకున్నారు. ఇక్కడ తట్టుకోవడానికి బలంతో పనేముంది?

ఇంకొంచెం ముందుకు ఆలోచించడానికి ఆమెకు భయమేసింది, అయినా ఆలోచించింది. తెలియకుండా పడే నీడ ఎక్కడో ఒకచోట, ఏదో ఒక జీవిలో, తెలిసి ఇచ్చే నీడ అయి ఉంటుంది. పిల్ల మీద ఒంగిన తల్లిలో కావచ్చు. రామాంజులును తాను అడిగిన ఆ బుద్ధి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంత కిందినుంచి, ఇంత మెల్లగా వచ్చింది. దానితో అది చిన్నదైపోదు. చౌడమ్మ ఈ గొర్రెలకు చెట్టు మొలిపించలేదు, మబ్బు పంపలేదు. ఒకదానికొకటి నీడ కాగలిగే లోకంలో వాటిని ఉంచింది. ఆ తల్లి చేసే పని ఇదేనా? ఇంతేనా? ఇది చాలా, చాలదా అన్నది ఆమెకు తేలలేదు. అంజినప్పకు చాలలేదు. అది మాత్రం నిజం.

గుంపుకు దూరంగా ఒక ముసలి గొర్రె ఒంటరిగా నిలబడి ఉంది. తల వేలాడేసి, కళ్లు సగం మూసి. నల్లమ్మ దాన్ని చూపించి, "అదింగ రాదులే" అంది. సుబ్బలక్ష్మమ్మ లేచి పోయి దాని మెడ పట్టుకుని గుంపు వైపు లాగింది. అది రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడింది. ఆమె దాని తల మీద తన నీడ పడేలా నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడింది. పొద్దు వాలకముందే అది పోయింది. నల్లమ్మ ఈసారి తిట్టలేదు.

*

మరుసటి దినం ట్యాంకరు వచ్చింది. ఇంటికి రెండు బిందెలు. ఇంట్లో ఎంతమంది ఉన్నా అంతే. సుబ్బలక్ష్మమ్మ ఒక బిందె లోపల పెట్టుకుని, రెండోదాన్ని తన వాకిట్లో ఉన్న పాత రాతి తొట్టిలో వంచింది. తొట్టి అడుగు తడిసింది. నల్లమ్మ గోడ మీంచి చూసి కేకలేసింది.

"పిచ్చి పట్టిందా నీకు? నువ్వేం తాగుతావు?"

"నేనొక్కదాన్నే గదక్కా. నాకు ఒక బిందె చాలు. పిల్లతల్లుల్ని వదులు."

ట్యాంకరు దగ్గరి నుంచి పోయే ఆడవాళ్లు నిలబడి చూశారు. కొందరు నవ్వారు. మనుషులకే లేకుంటే గొర్రెలకా అని ఒకామె గట్టిగానే అంది. ఆమె మాటలోనూ తప్పు లేదు. ఆమెకు నలుగురు పిల్లలు. తర్వాతిసారి ట్యాంకరు వచ్చినప్పుడు చౌడప్ప పెళ్లాం ఆంజినమ్మ పోతూ పోతూ ఆగి, నెత్తి మీది బిందె దించకుండానే కొంచెం వంచి, తొట్టిలో ఒక చెంబెడు పోసి పోయింది.  ఇంకో ఇద్దరు ముగ్గురు పోశారు. చాలామంది పోయలేదు. తొట్టి ఏనాడూ నిండలేదు. పిల్లతల్లులు కొన్ని నిలబడ్డాయి. మిగతా మందకు అది సరిపోలేదు.

ఒకరోజు పొద్దు వాలుతుండగా ఓబులేసు వాకిట్లోకి వచ్చాడు. తొట్టి చూశాడు, అరుగు మీద కూర్చున్నాడు.

"మా ఇంటిది భద్రమ్మ బిందె తెచ్చి ఈడ పోస్తాందంట. నువ్వు చెప్పినావా టీచరమ్మా?"

"లేదన్నా. నేనెవరికీ చెప్పలేదు. ఆయమ్మ పోస్తున్నట్టు నాకు తెలీనే తెలీదు."

అతను నమ్మినట్టే ఉన్నాడు. అందుకే ఇంకా ఇబ్బందిపడుతున్నట్టు కనిపించాడు. సుబ్బలక్ష్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, బీడులో తాను చూసింది చెప్పింది. గొర్రెలు తలలు దాచుకున్న తీరు చెప్పింది. పాఠంలో ఉన్నది బలమున్నవని కాదు, తట్టుకున్నవని, తట్టుకునే దారులు చాలా ఉన్నాయని చెప్పింది.

ఓబులేసు విని, "దాని తల అది దాపెట్టుకునింది. అందులో ధర్మమేముండాది?" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నా. కానీ నీడ పడతాంది గదన్నా."

అతను తల తిప్పి తొట్టి వైపు చూశాడు.

"ఇంకో మాట చెప్పినావు మొన్న. దేవుడు నీ బాయిలో నీళ్లు పెట్టినాడని. అట్లయితే మా ఆయన్ను ఆ లారీ కింద పెట్టింది కూడా ఆయనే అని నేను ఒప్పుకోవల్ల. నావల్ల కాదన్నా. అది ఒప్పుకుంటే నేను ఆ దీపం ముందర కూర్చోలేను. నీళ్లు ఆయన పెట్టలేదు. ఉండాయి, అంతే. ఉన్న నీళ్లను ఏం చేస్తామన్నదే మన కాడ ఉండాది. దేవుడు ఉంటే ఆ సందులో యాడో ఉండాడని నా ఎరుక."

ఇంత మాట ఆమె ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. అన్నాక సిగ్గుపడ్డట్టు కొంగు సర్దుకుంది.

ఓబులేసు కండువాతో మొహం తుడుచుకున్నాడు. చివరికి, "అంజినప్ప మంచోడు" అన్నాడు. "చెట్లు నాటేటప్పుడు సెలవు దినాన వచ్చి నాతో పాటు గుంతలు తీసినాడు. చేతులు బొబ్బలెక్కినా నవ్వుతానే ఉండె."

ఆమెకు ఆ సంగతి తెలియదు. ఎనిమిదేళ్ల తర్వాత అంజినప్ప గురించి కొత్త మాట ఒకటి వింది. లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. తిరిగి వచ్చేసరికి ఓబులేసు వెళ్లిపోయాడు.

తర్వాత వారమంతా ఏమీ జరగలేదు. గేటుకు తాళం అలాగే ఉంది. భద్రమ్మ కూడా రాలేదు.

నల్లమ్మ ఇక ఆగలేకపోయింది. ఉరవకొండ అవతల కాలువ కింద ఆమె తమ్ముడి కూతురు ఉంది. ఆ పక్క నీళ్లున్నాయి, కోసిన మళ్లలో మేపు ఉంది. మిగిలిన గొర్రెల్ని అటు తోలుకుపోతానంది. చల్లపొద్దున బయలుదేరింది. సంగటి మూట, కంబళి, కర్ర. నడవలేని గొర్రెపిల్లను భుజం మీద వేసుకుంది. సుబ్బలక్ష్మమ్మ ఊరి పొలిమేర దాకా పోయింది.

"వానొస్తే వస్తా" అంది నల్లమ్మ.

"రాకపోయినా కబురన్నా పంపు అక్కా."

"నేను పంపేదేంది, నాకేమన్నా సదువా? వచ్చేపోయేటోళ్లను నువ్వే అడుగు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఒగదానివే ఉండొద్దు. మీ ధర్మవరం పో."

మంద మలుపు తిరిగి కనబడకుండా పోయింది. అరుపులు మాత్రం కొంతసేపు వినబడ్డాయి.

ఆమె అడ్డదారిన తిరిగి వచ్చింది. ఆ దారి చీనీ తోట పక్కగా పోతుంది. దూరం నుంచే మోటారు శబ్దం వినిపించింది. దగ్గరికి వచ్చి చూస్తే గేటు తీసి ఉంది. ఓబులేసు గేటు బయటికి పైపు లాక్కొచ్చి, సిమెంటు తొట్టి ఒకటి నింపుతున్నాడు. చౌడప్ప ఎద్దులు రెండూ మూతులు పెట్టి తాగుతున్నాయి. తోట అవతలి కొస చెట్లకు కట్టిన పాదుల మట్టి తోసేసి, కాలువ మూసేసి ఉంది. ఆ వరసలకు ఇక నీళ్లు పోవు.

"నల్లమ్మను తోలుకు రమ్మను. పొద్దున కరెంటున్నంత సేపు పెడతా" అన్నాడు.

"పోయిందన్నా. కాలువ కిందికి. ఇప్పుడే సాగనంపి వస్తాండా."

ఓబులేసు చేతిలో పైపు పక్కకు తిరిగి నీళ్లు నేల మీద పడ్డాయి. సర్దుకుని మళ్లీ తొట్టిలో పెట్టాడు.

"నిన్ననే తియ్యల్సింది."

 మలుపు దాటిన మందను ఇప్పుడు పరుగెత్తి పోయి పిలిచినా నల్లమ్మ రాదు. ఆమెకు నల్లమ్మ తెలుసు.

"ఇది దేవుని కోసరం గాదు టీచరమ్మా" అన్నాడు ఓబులేసు కాసేపటికి. "నీ పుస్తకం కోసరమూ గాదు. ఆ పొద్దు నీ తొట్టిలో పోస్తాందని నేను కసిరినప్పట్నించి భద్రమ్మ నాతో మాట్లాడల్యా. ఇంట్లో ఉండలేకపోతాండా."

సుబ్బలక్ష్మమ్మకు చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. "అదీ సరైన కారణమేలే అన్నా" అంది.

ఆ ఏడు వాన ఎప్పుడో వినాయకచవితి దాటాక పడింది. తోటలో అవతలి వరసలు పోయాయి, ఇవతలివి దక్కాయి. నల్లమ్మ తిరిగి రాలేదు. తమ్ముడి కూతురి దగ్గరే ఉండిపోయిందనీ, గొర్రెలు ఈనాయనీ సంతకు పోయి వచ్చినవాళ్లు చెప్పారు. కూలిన దొడ్డి గోడను ఎవరూ ఎత్తలేదు. సాయంత్రాలు ఎప్పుడైనా భద్రమ్మ వచ్చి అరుగు మీద కూర్చునేది. ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. వీధిలో పొద్దు పోయేదాకా కూర్చుని, కొంగు దులుపుకుని, వస్తా టీచరమ్మా అని లేచేది. సుబ్బలక్ష్మమ్మ ఆమె మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసుకునేది.